నాలుగో అంతస్తు నవ్వు

పోయినవారం మనం మెకానిక్కును ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుందిగా? లిఫ్టు పెట్టె నెత్తిమీద. చేతిలో స్పానరు, తెరిచిన నోరు తెరిచినట్టే. గొడుగుల కంపెనీ వాళ్ల లిఫ్టు నాలుగో అంతస్తుకు చేరగానే తలుపు సగం తెరుచుకుని మొరాయిస్తోందని కబురొచ్చింది. ఎప్పుడూ ఆ భవనానికి వెళ్లే తోటి మెకానిక్కు సెలవులో ఉంటే, "మా ఆవిడ పనిచేసేది అక్కడేలే, నేను చూసొస్తా" అని మనవాడే బయల్దేరాడు. కింద మెట్ల దగ్గర సూపర్‌వైజరమ్మ తగిలింది. ఎవరో తెలియగానే "అల్లుడుగారూ" అని వరస కలిపేసి, అసలు సంగతి బయటపెట్టింది. పొరుగూళ్లో కొత్త యూనిట్టు పెడుతున్నారు. దాన్ని నడపడానికి మీ ఆవిడ పేరు చెబుదామనుకుంటున్నాను. మిమ్మల్ని అడిగి చెప్తానంటోంది. మీరేమంటారు?

మెకానిక్కు ఒక్క క్షణం ఆలోచించలేదు. "అయ్యో, వద్దండీ! నలుగురిలో నోరు విప్పాలంటే తనకి వణుకు. బలవంతపెట్టకండి పాపం" అనేశాడు. సూపర్‌వైజరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోండి. రేపు సాయంత్రం మా యజమాని ఫోను చేస్తాడు. అప్పటిదాకా నేనేం కదపను" అని వెళ్లిపోయింది.

ఆ మాట అన్న నోటితోనే పైకెక్కాడు. చీకటి గొయ్యిలో ఇనుప తాళ్ల మధ్య కూర్చుని ఉండగా తలుపు సందులోంచి ఒక నవ్వు వినబడింది. నవ్వు వెనకే ఒక గొంతు. ఆడగొంతే, కానీ ఆ గొంతు సవరించుకోవడం అచ్చం తనది. "చూద్దాం... చూద్దాంలే... అమ్మనడిగి చూద్దాం..." హాలు హాలంతా పగలబడి నవ్వింది. అలా నవ్విస్తున్నది ఎవరో కాదు, నోట్లో నాలుక లేదని ఇంటిల్లిపాదీ మురిసిపోయే అతని ఇల్లాలే.

మెకానిక్కు మెడ సాచి సందులోంచి చూశాడు. గొడుగు ఊచలకు నల్లబట్ట కుట్టే బల్ల మీదెక్కి కూర్చుని, కాళ్లూపుతూ, మడిచిన గొడుగు కొనతో చెవి వెనక గోక్కుంటోంది ఆమె. ఇదెవరి అలవాటబ్బా అనుకుంటూ చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. అక్కడ స్క్రూడ్రైవరు ఉంది.

"టపాకాయ్, ఇంకోసారి! ఇంకోసారి చెయ్యవే!" అని అరిచారెవరో.

టపాకాయట! ఇంత బతుకూ ఒక కప్పు కింద గడిపిన మనిషికి ఇలాంటి పేరొకటుందని అతనికి తెలియదు. కోపం రావాలి కదా అని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. కోపం రావాల్సిన చోట అసూయ వచ్చి కూర్చుంది. గొడుగులు కుట్టే ఆ ఆడవాళ్లను చూస్తే కుళ్లు పుట్టింది. తనకు లేనిదేదో వాళ్లు రోజూ అప్పనంగా అనుభవిస్తున్నారు. పని సగంలో వదిలేసి, ఏదో విడిభాగం తేవాలని కాపలావాడికి చెప్పి, బుర్ర గిర్రున తిరుగుతుండగా ఇల్లు చేరాడు.

సాయంత్రం ఆమె వచ్చింది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లింది. గిన్నె మీద గిన్నె చప్పుడు లేదు. ముందుగదిలో అతని తల్లి పక్కింటావిడతో ఎప్పటి మాటే చెబుతోంది. "మా కోడలు ఇంట్లో ఉందో లేదో తెలియాలంటే గుమ్మంలో చెప్పులు చూసుకోవాలమ్మా. అంత నెమ్మది."

ఎన్నోసార్లు విన్న మాటే. విన్నప్పుడల్లా మెకానిక్కు కాస్త గర్వపడేవాడు కూడా. ఈపూట మనిషి ఉన్నదో లేదో చెప్పులు చూసి తెలుసుకోవడం ఏం పొగడ్త అనిపించింది. అనిపించింది గానీ, తల్లితో అనలేదు. ఇంట్లో అతను ఏదీ అనడు. కూతుర్ని హాస్టల్లో వెయ్యాలన్నా, గోడకు రంగెయ్యాలన్నా, "చూద్దాం" అంటాడు, తల్లి తేలుస్తుంది. విచిత్రమేమిటంటే లిఫ్టు కంపెనీలో అతని నోట ఆ మాట విన్నవాడు లేడు. పెద్ద భవనం మేనేజరు ఎదురుగా నిలబడి బతిమాలుతున్నా, "ప్రమాదం, ఆపేస్తున్నా" అని లిఫ్టు మూసేసి తాళం జేబులో వేసుకునే మనిషి. ఇంటి గడప దాటగానే ఆ మనిషి ఏమవుతాడో, ఎక్కడికి పోతాడో! భార్యకు రెండు ముఖాలున్నాయని తల పట్టుకు కూర్చున్నాడు గానీ, తన సంగతి అతనికి తట్టలేదు. అది అతని తప్పు కాదు, ఎవరి చెవి వెనక స్క్రూడ్రైవరు వాళ్లకు కనబడదు.

వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న అతనికి ఆమె టీ అందించింది. ఇదే అదను అనుకుని మెకానిక్కు గొంతు సవరించుకున్నాడు. వెంటనే తన గొంతు సవరింత తనకే ఎబ్బెట్టుగా వినబడి సిగ్గుపడ్డాడు.

"ఇవాళ ఒకాయన ఫోన్ చేశాడు. మా లిఫ్టు పైకి పోవట్లేదండీ, పాడైపోయింది అన్నాడు. మీరే అంతస్తులో ఉన్నారు అనడిగా. అన్నిటికన్నా పై అంతస్తులోనే ఉన్నానండీ అన్నాడు."

చెప్పి ఆశగా చూశాడు. ఆమె "అవునా" అంది. అని గిరుక్కున పొయ్యి వైపు తిరిగింది. పక్కింటావిడను సాగనంపి వచ్చిన తల్లి కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"ఒంట్లో బాగానే ఉందా నాయనా? జోకులేస్తున్నావేంటి?"

ఇవాళ నాలుగో అంతస్తుకు అంత నవ్వు ఇచ్చిన మనిషి నాకు ఒక్క పలుకిచ్చింది అనుకున్నాడు. కొత్త యూనిట్టు మాట అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఎవరు జవాబు చెబుతారు? ఇక్కడున్నామెనా, అక్కడున్నామెనా? ఎవరితో మాట్లాడాలో తెలియక ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు.

మర్నాడు మళ్లీ వెళ్లి నాలుగో అంతస్తు తలుపు గాడి శుభ్రం చేస్తుంటే జబ్బు దొరికింది. విరిగిన గొడుగు ఊచ ముక్కొకటి గాడిలో ఇరుక్కుని, తలుపును సగంలో పట్టేస్తోంది. పట్టుకారుతో లాగి జేబులో వేసుకున్నాడు. ఇక ఊరికే పైకీ కిందకీ తిప్పి చూడడమే మిగిలింది. పొద్దు వాలుతోంది. యజమాని ఫోను చేసే వేళ దగ్గరపడుతోంది. పైకి వెళ్లి "నేనన్నది తప్పు, తను చెయ్యగలదు" అని సూపర్‌వైజరమ్మతో చెప్పేస్తే సరిపోతుంది. కానీ చెయ్యగలదని తనకెలా తెలుసు? దొంగచాటుగా విన్నానని చెప్పాలా? పైగా ఆ ఉద్యోగానికి వెళ్తే ఆమె పొరుగూళ్లోనే ఉండాలి, వారానికోసారి ఇంటికి రావాలి. ఇప్పుడే కదా ఆ నవ్వు ఉందని తెలిసింది, అప్పుడే దాన్ని ఊరు దాటించాలా? మనసు ఒకటంటే నోరు ఇంకొకటి అంటోంది.

ఆ గుంజాటనలోనే కింద అంతస్తులో లిఫ్టు మూలకు నిలబడి, కప్పులోని దీపం తీగలు సర్దుతున్నాడు. ఇంతలో ఎవరో గబగబా లోపలికి వచ్చారు. గడ్డందాకా నల్లబట్ట మూట. మూట వెనకున్నది అతని భార్యే. కింది గోదాములోంచి బట్ట తీసుకెళ్తోంది. మూట అడ్డం ఉండడంతో అతన్ని చూడలేదు. మోచేత్తో నాలుగు నొక్కింది. తలుపు మూసుకుంది.

మూట కింద పెట్టి, గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుంది. ఆ ముఖం అతనెన్నడూ చూడలేదు. ఇంట్లోని ఒద్దిక లేదు, బల్లమీద కూర్చున్నామె హుషారూ లేదు. అలిసిన ముఖం, ఏమీ అడగని ముఖం. అందంగా ఉందని కూడా అనిపించింది అతనికి. రెండో అంతస్తు దాటుతుండగా ఆమె ఊపిరి పీల్చుకుని, బుగ్గలు రెండు చేతులతో రుద్దుకుని, పెదవులు సాగదీసి ఒక నవ్వు పెట్టుకుంది. బయటికెళ్లేముందు జుట్టు సర్దుకున్నట్టు పెట్టుకుంది. అప్పుడు కళ్లు తెరిచింది.

"అమ్మో! మీరా!"

మెకానిక్కు ఎర్రబటను నొక్కాడు. రెండు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి ఉన్నారిక్కడ?"

"నిన్నట్నుంచి."

"నిన్నా? ఈ లిఫ్టు బాగుచేసేది మీరేనా?" అంటూనే ఆమెకు తట్టింది. పెట్టుకున్న నవ్వు జారిపోయింది. "విన్నారా?"

"విన్నాను."

ఆమె మెల్లగా బట్టమూట మీద కూలబడింది. "కోపమొచ్చిందా?"

"రాలేదు. అదే నాకూ అర్థం కావట్లేదు. బాగా చేశావు. ఆ గొంతు సవరించుకోవడం కూడా..."

"అదే కష్టం. అది పట్టుబడ్డానికి చాలా రోజులు పట్టింది" అంది, పొరపాటున.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. నవ్వాలో వద్దో ఇద్దరికీ తేలలేదు. మెకానిక్కే ముందు నోరు విప్పాడు.

"మరి ఇంట్లో ఏం పాపం చేశామే? నేనేమన్నా పులినా? ఒక్కనాడైనా నా ముందు అలా నవ్వావా? నేనింతకాలం ఎవరితో కాపురం చేశానసలు?"

"పంటినొప్పితో" అంది ఆమె.

"ఏంటీ?"

"మీరు మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నాకు పంటినొప్పి. దవడ వాచిపోయి నోరు తెరవలేకపోయాను. లేకపోతే మా ఇంట్లో నా నోటికి జడిసి పిల్లులు కూడా వచ్చేవి కావు. మీ అమ్మగారు నన్ను చూసి ఎంత నెమ్మదో అన్నారు. మా అమ్మ కాదనలేదు. నొప్పి తగ్గాక నిజం చెప్పేద్దామనుకున్నా. ఈలోపు మీవాళ్లంతా నోట్లో నాలుక లేని పిల్లని ఊరంతా చెప్పేసుకున్నారు. కొత్తల్లో ఒకసారి మీ ఇంట్లో పగలబడి నవ్వాను. గుర్తుందా?"

అతనికి గుర్తులేదు.

"మీ అమ్మగారు చేతిలో గ్లాసు కింద పెట్టేసి, ఏమైందమ్మా అని పరుగెత్తుకొచ్చారు. తిట్టలేదండీ. తిడితే నేనూ తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. పాపం, కంగారుపడిపోయారు. మీరూ కంగారుపడ్డారు. ఇంకెందుకులే అనిపించింది."

మెకానిక్కుకు ఒక పక్క గుండె కోసినట్టయింది, ఇంకో పక్క దారి దొరికినట్టయింది. "అంటే పైన ఉండేదే అసలు నువ్వు. ఇంట్లోది వేషం. అంతేగా? తేలిపోయింది."

"ఏం తేలింది?" ఆమె తలెత్తింది. "పనిలో చేరిన మొదటిరోజు భయంతో చేతులు వణుకుతుంటే గొడుగు తెరిచాను. అది తిరగబడి ఊడొచ్చి సూపర్‌వైజరమ్మ నెత్తిన కూర్చుంది. కొలత సరిపోయిందమ్మా అన్నాను. భయంతోనే అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. భోజనాల వేళకి నేను టపాకాయనైపోయాను. అంతే, ఇక దిగడానికి లేదు. మా అమ్మ పోయాక మళ్లీ పనిలోకొచ్చిన రోజు తలుపు దగ్గరే 'టపాకాయ వచ్చిందర్రా' అని కేకేశారు. వీళ్ల దగ్గరైనా కాస్త ఏడుద్దామని వచ్చినదాన్ని, బల్లెక్కి నవ్వించాను. ఏం చెయ్యను? మొహాలన్నీ నావైపే తిరిగున్నాయి. ఇంట్లో నవ్వలేను, ఇక్కడ ఏడవలేను. రెండూ ఒకటే కదండీ?"

మెకానిక్కుకు దొరికిందనుకున్న దారి కాస్తా మళ్లీ మూసుకుపోయింది. అత్తగారు పోయిన రోజుల్లో ఆమె ఇంట్లోనూ ఏడవలేదు. గట్టి మనిషి అని తల్లీ తనూ మెచ్చుకున్నారు. ఆ ఏడుపంతా ఏమైనట్టు? ఎక్కడ దాచినట్టు?

"మరి అసలు నువ్వెవరు?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"నాకేం తెలుసు? కింద ఎక్కి పైన దిగేలోపు ఈ పెట్టెలో ఎవర్నీ కాకుండా ఉంటాను, అంతే. ఇక్కడే మొహం మార్చుకుంటాను. ఇది పాడయ్యాక అందరితో కలిసి మెట్లెక్కాల్సొచ్చింది, మార్చుకోడానికి చోటే లేకపోయింది. అన్నీ కలిసిపోతున్నాయి. నిన్న సాయంత్రం మీరు చెప్పిన పై అంతస్తాయన కబురుకి నవ్వు ఆగక పొయ్యివైపు తిరిగాను."

"నవ్వొచ్చిందా? నిజంగా?"

"మీరు బాగా చెప్పారు."

ఇంత గందరగోళంలోనూ మెకానిక్కు మొహం చాటంతయింది. మగవాడికి భార్య నవ్వడం కన్నా తన జోకుకు నవ్వడం ముఖ్యం, ఏం చేస్తాం. కానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆమె మూట మీంచి లేచి, అతనికి దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించింది.

"మీకొకటి చెప్పాలని రోజూ అనుకుంటున్నా. చెప్తే చూద్దాం అంటారని ఊరుకున్నా. కొత్త యూనిట్టు ఒకటి పెడుతున్నారు. నన్ను వెళ్లమంటున్నారు. అక్కడ నేను టపాకాయనని ఎవరికీ తెలీదు. నోట్లో నాలుక లేనిదాన్ననీ తెలీదు. నేనెలా ఉంటానో ఒక్కసారి చూసుకోవాలనుందండీ. సంతోషంగా ఉంటానని కాదు. ఉత్త ఏడుపుగొట్టుదాన్నని తేలుతుందేమో! తేలనివ్వండి. ఏదో ఒకటి తేలుతుంది కదా. నాకు వెళ్లాలనుంది. ఇంతవరకూ నాకిది కావాలని మిమ్మల్నేదీ అడగలేదు."

మెకానిక్కు జేబులో చెయ్యి దూర్చాడు. ఊచముక్క వేలికి గుచ్చుకుంది. ఇప్పుడు చెప్పక తప్పదు.

"సూపర్‌వైజరమ్మ నన్నడిగింది" అన్నాడు.

"మిమ్మల్నా? ఎప్పుడు?"

"నిన్న. నీ నవ్వు వినకముందు."

"మీరేమన్నారు?"

"అంటే... నీ మంచికేనే. నువ్వు ఇబ్బందిపడతావని..."

"ఏమన్నారండీ?"

జవాబు అతని నోట్లోంచి రాలేదు. పైనుంచి వచ్చింది.

"వద్దన్నాడే పిల్లా! నలుగురిలో నోరు విప్పాలంటే నీకు వణుకట!"

సూపర్‌వైజరమ్మ గొంతు. లిఫ్టు గొయ్యిలో గొణిగిన మాట కూడా పై అంతస్తులో గంట కొట్టినట్టు వినబడుతుందని ఈ భూమ్మీద అందరికన్నా బాగా తెలిసిన మనిషి మెకానిక్కు. నిన్న ఆ దారినే కదా తన బతుకు తనకు వినబడింది! పంటినొప్పి, అమ్మ పోయిన కబురు, మొహం మార్చుకోవడం, అంతా పైన హాలు హాలంతా నిలబడి వింది. ఎవరో ముక్కు చీదిన చప్పుడు కూడా తేటగా దిగొచ్చింది.

ఆమె పైకి చూడలేదు. అతన్నే చూస్తోంది. "నిజమేనా అండీ?"

మెకానిక్కు గొంతు సవరించుకున్నాడు. చెయ్యి దానంతటదే చెవి వెనక్కి పోయింది. కంగారు పుట్టినప్పుడల్లా వచ్చే మాట ఒక్కటే, అదే వచ్చింది.

"చూ..."

"...ద్దాం!" అని పూర్తి చేశాయి పైన అలవాటైన నోళ్లు. నవ్వు మొదలైంది గానీ సాగలేదు. ఎప్పుడూ అందరికన్నా ముందు నవ్వే మనిషి నవ్వకపోయేసరికి తడబడి ఆగిపోయింది.

ఆమె వంగి మూట ఎత్తుకుంది. అతని చెయ్యి పక్కకు నెట్టి, ఎర్రబటను తనే వదిలించి, నాలుగు నొక్కింది. లిఫ్టు కదిలింది. ఈసారి బుగ్గలు రుద్దుకోలేదు, పెదవులు సర్దుకోలేదు. కళ్లు మూసుకున్నప్పుడు చూసిన ముఖమే, కళ్లు తెరిచి, అలాగే నిలబడింది. మెకానిక్కుకు భయం వేసింది. ఆ ముఖంలో కోపముందో, బాధుందో, క్షమించడం ఉందో పోల్చుకోవడం అతనికి రాదు. దానితో అతనికి పరిచయం లేదు మరి.

నాలుగో అంతస్తు తలుపు అడ్డూ ఆపూ లేకుండా పూర్తిగా తెరుచుకుంది. ఎదురుగా అందరూ నిలబడి ఉన్నారు, కుట్టీ కుట్టని గొడుగులు పట్టుకుని. ఒక్కరూ టపాకాయ అని పిలవలేదు. ముందు సూపర్‌వైజరమ్మ, చేతిలో ఫోను, కళ్లు ఎర్రగా.

"మా యజమాని లైన్లో ఉన్నాడు" అని ఫోను చాచింది. చాచింది ఆమెకు కాదు, అతనికి. "నిన్న మీ నోటితోనే వద్దన్నారు అల్లుడుగారూ. ఇవాళ కూడా మీ నోటితోనే చెప్పండి. అవునా, కాదా?"

మొహాలన్నీ అతనివైపే తిరిగున్నాయి. ఇందాక భార్య అన్న మాట మెకానిక్కుకు ఇప్పుడు ఒంటికి తెలిసింది. అవునంటే ఆమె మాట మళ్లీ తనే చెప్పినట్టు. కాదంటే ఇక ఇంటికి ఏ ముఖంతో వెళ్తాడు? ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో! ఎవరండీ మాట్లాడేది?" అంది అవతలి గొంతు.

మెకానిక్కు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, భార్యవైపు చాచాడు. ఆమె చేతుల్లో బట్టమూట ఉంది. ఆమె దాన్ని దించలేదు, ఫోను అందుకోలేదు. అతన్నే చూస్తోంది.

"హలో, ఎవరు మాట్లాడేది?" అని ఫోను మళ్లీ అడిగింది.